టీబీ ఉన్న ఇంట్లో అందరికీ తిండి పెంచితే మిగతావాళ్లకు రాదంటున్నారు, నిజమేనా?

సుజాత, కళ్యాణదుర్గం

అందరికీ నమస్కారం. మా మరిదికి టీబీ అని తేలి ఈ రోజుకు పదకొండు రోజులు. వయసు 24. రెండేళ్లుగా బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతున్నాడు, ఒకే గదిలో ఏడుగురు ఉండేవాళ్లంట. మూడు నెలల నుంచి దగ్గు ఉంటే సిమెంటు దుమ్ము అనుకున్నాడు. పండక్కి వచ్చినప్పుడు చూస్తే మెడ కింద రెండు పక్కలా గుంటలు, మొలతాడు జారిపోతాంటే మధ్యలో ముడి వేసుకోనున్నాడు. తెమడ పరీక్షలో అదే రోజు పాజిటివ్ అని చెప్పారు. మామూలు మందులకు లొంగే రకమే అన్నారు, అదొక్కటే ధైర్యం. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 41 కిలోలు. పొద్దున్నే మూడు మాత్రలు మింగుతున్నాడు.

ఇంట్లో నేను, మా ఆయన, మా అత్త, ఇద్దరు పిల్లలు (ఆరేళ్లు, మూడేళ్లు). మా ఆయన ఆటో తోలతాడు. అత్త గట్టిగా పథ్యం పెడుతోంది. గుడ్డు వేడి అంట, పెరుగు తింటే దగ్గు ఎక్కువ అవుతుందంట, శెనక్కాయలు పైత్యం అంట. చారన్నం, బ్రెడ్డు, అంతే. వాడేమో మాత్రలు మింగిన గంటకే ఆకలి ఆకలి అంటాడు. మొదట చూపించుకున్న ప్రైవేటు క్లినిక్‌లో బలానికి పాలలో కలిపే పొడి డబ్బా ఒకటి రాసిచ్చారు, 900 రూపాయలు. ఎనిమిది రోజులకే అయిపోయింది.

నిన్న ఫోన్లో ఒక వీడియో చూశాను. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లకు బియ్యం, పప్పు ఇస్తే ఇంట్లో మిగతావాళ్లకు టీబీ సగం తగ్గిపోయిందని చెప్పారు. ఇది నిజమేనా, లేక వీడియోలలో చెప్పే మాటేనా? నిజమైతే ఉన్న డబ్బు ఎవరి మీద పెట్టాలి? వాడికి ఇంకో డబ్బా కొనాలా, పిల్లలకు పెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

వెంకటరమణ

అమ్మా, ముందు పళ్లెం, గ్లాసు, దుప్పటి అన్నీ వేరు పెట్టండి. పిల్లల్ని కొన్నాళ్లు మీ పుట్టింటికి పంపేయండి. పథ్యం విషయంలో పెద్దవాళ్లు చెప్పినట్టు వినండి, వాళ్లకు అనుభవం ఉంటుంది.

మార్కాపురం మాస్టారు (టీబీ విభాగంలో 27 ఏళ్లు, ఇప్పుడు విశ్రాంతి)

సుజాతమ్మా, వీడియోలో చెప్పింది నిజమే. కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

ముందు వెంకటరమణ గారి మాట. పళ్లెం వేరు పెట్టాల్సిన పని లేదండీ. టీబీ గాలిలో వస్తుంది, గిన్నెల్లో రాదు. దగ్గినప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, మొదటి కొన్ని వారాలు మాస్కు కట్టుకోవాలి, పడుకునే గది కిటికీ తెరిచి ఉంచాలి. అంతకు మించి వెలి వేయకండి. వేరు పళ్లెంలో తినేవాడు సగం కడుపుకే తింటాడు, అది నేను ఎన్ని ఇళ్లలో చూశానో.

ఇక ఆ పరిశోధన. దాని పేరు రేషన్స్. మంగళూరు యెనెపోయ వైద్య కళాశాలలో పనిచేసే డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ కలిసి జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో చేశారు. 2019 ఆగస్టులో మొదలుపెట్టారు. ఊపిరితిత్తుల టీబీ ఉన్న 2800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే 10,345 మంది. రోగులందరికీ నెలకు పది కిలోల సరుకులు ఇచ్చారు. తేడా ఇంట్లోవాళ్ల దగ్గర పెట్టారు. సగం ప్రాంతాల్లో ఇంట్లో ఒక్కో పెద్దమనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు. ఆరు నెలలు. మిగతా ప్రాంతాల్లో ఇంట్లోవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. తర్వాత 2022 జులై దాకా ఎవరికి జబ్బు వస్తుందో చూస్తూ వచ్చారు. తిండి అందిన ఇళ్లలో టీబీ మొత్తం మీద 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల్లో వచ్చి పరీక్షలో రుజువైన టీబీ ఒక్కటే తీసుకుంటే 48 శాతం తగ్గింది. వీడియోవాళ్లు సగం అన్నది ఈ రెండో అంకె. 2023 ఆగస్టులో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

బియ్యమూ కందిపప్పే తల్లీ. కొత్త మందు కాదు, టీకా కాదు. ఆ వార్త చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

మా వైపు పలకల గనులు ఉండేవి. పలక కోసే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరినవాళ్లకు టీబీ త్వరగా అంటుకుంటుంది. అప్పట్లో మందు రోజు మార్చి రోజు, మా ఎదురుగా మింగించాలి. ఒక గని కూలీ, నలభై ఏళ్లు ఉంటాయేమో, రెండో నెలలో రావడం మానేశాడు. మోపెడ్ మీద ఇంటికి వెళ్లాను. నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, మోకాళ్లు రెండూ బుర్రల్లా కనిపిస్తున్నాయి. "సారూ, ఆ మాత్ర మింగితే కడుపులో కొరివి పెట్టినట్టు ఆకలేస్తాది. ఇంట్లో గింజ లేదు. ఆకలి ఓర్చుకోలేక మానేసినా" అన్నాడు. నేను ఏం చేశాను? మందు మానితే ఏమవుతుందో చెప్పి, నాలుగు తిట్టి, మాత్ర మింగించి వచ్చాను. తిండి సంగతి మన శాఖది కాదు అనుకున్నాను. అతను ఆ ఏడాదే పోయాడు. ఏడాదిన్నరకు అతని భార్య పేరు రాసుకున్నాను. ఆ తర్వాత కూతురు. మూడు టీబీ రోగి కార్డులు, ఒకే ఇంటి నంబరు. ఇంకో సంగతి కూడా దాచను. కార్డులో బరువు రాసే గడి ఉండేది. మొదటి నెల రాసిన 36నే ఆరో నెల గడిలోకి దించి రాసిన కార్డులు నా సంతకంతో ఉన్నాయి. బరువు అంత ముఖ్యమని అప్పుడు నాకు తట్టలేదు.

అందుకని ఇప్పుడు బరువు దగ్గరే మొదలుపెడతాను. ఆ 2800 మంది రోగుల్లో ఐదుగురిలో నలుగురికి పైగా ఉండాల్సిన దానికంటే తక్కువ బరువుతో ఉన్నారు. మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువ కనిపించింది. మీ మరిదికి లెక్క కట్టు. 41 కిలోల్లో ఐదు శాతం అంటే రెండు కిలోలు. రెండు నెలలకు 43 దాటాలి. అతని ఎత్తుకు కనీసం 52 ఉండాలి, అది తర్వాతి మాట. ముందు ఆ 43 మీద కన్నేసి ఉంచు.

పొడి డబ్బా వద్దు. 900 రూపాయలకు ఎనిమిది రోజులు. గుడ్డు ఏడు రూపాయలు వేసుకున్నా అదే డబ్బుకు రోజుకు మూడు గుడ్లు చొప్పున నలభై రోజులు వస్తాయి. గుడ్డు వేడి అన్నది మీ అత్తగారి మాట, టీబీకి గుడ్డు కూడదని డాక్టర్లు చెప్పరు. పెరుగూ అంతే. మీ సీమలో శెనక్కాయలకు కొదవా? గుప్పెడు శెనక్కాయల పొడి అన్నంలో కలిపితే చాలు, డబ్బా మీద రాసి ఉన్న బలం అందులోనూ ఉంది. కందిబేడలు, అలసందలు, ఉలవలు, ఏది చవకగా దొరికితే అది. అయితే బాగా చిక్కిన మనిషి కాబట్టి ఒక్కసారిగా కుమ్మరించకండి. కొంచెం కొంచెం, రోజుకు ఐదారు సార్లు.

ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు అయింది, ముందు 500 ఉండేది. అతని బ్యాంకు పుస్తకం, ఆధార్ టీబీ సూపర్‌వైజరుకు ఇచ్చారో లేదో కనుక్కో. దాతలు ఇచ్చే నిక్షయ్ మిత్ర సరుకులు ఇప్పుడు రోగి ఇంట్లోవాళ్లకూ ఇవ్వొచ్చని అప్పుడే చెప్పారు. అడిగితే వస్తాయి, అడగకపోతే రావు. అడుగు.

పిల్లల్ని పుట్టింటికి పంపితే సరిపోదు. మూడు నెలలుగా దగ్గుతున్న మనిషి పండక్కి వచ్చి అదే ఇంట్లో ఉన్నాడు కదా. ఇంట్లో అందరికీ ఎక్స్‌రే తీయించు, పిల్లలను డాక్టరుకు చూపించు. జబ్బు లేదని తేలితే రాకుండా మందు ఇస్తారు.

చివరగా ఒకటి అడుగుతున్నాను, ఆలోచించి చెప్పు. మీ ఇంట్లో అందరి తర్వాత తినేది ఎవరు?

డాక్టర్ హర్ష (చెస్ట్ మెడిసిన్ పీజీ, కర్నూలు)

మాస్టారు గారికి నమస్కారం. మీ అనుభవానికి గౌరవంతోనే ఒకటి రెండు మాటలు. 39 శాతం, 48 శాతం అని విన్నప్పుడు జనం చాలా పెద్దగా ఊహించుకుంటారు. అసలు అంకెలు చూద్దాం. తిండి ఇవ్వని ఇళ్లలో నూటికి 2.6 మందికి టీబీ వచ్చింది, ఇచ్చిన ఇళ్లలో 1.7. ఒక్క కేసు ఆపాలంటే సుమారు 30 ఇళ్లకు, అంటే 111 మందికి, ఆరు నెలలు సరుకులు ఇవ్వాలి. పైగా అది జార్ఖండ్. అక్కడ ఇంట్లోవాళ్లలో మూడో వంతు మంది పోషణ లేనివాళ్లు, మూడింట రెండొంతులు ఆదివాసీలు. కడుపు నిండా తినే ఇంట్లో ఇదే ఫలితం వస్తుందని చెప్పలేం.

ఇంకోటి. మాకు కాలేజీలో మద్రాసు ప్రయోగం పాఠంగా చెప్పారు. 1950లలో 193 మంది రోగులను సగం మందిని శానటోరియంలో (టీబీ రోగులను నెలల తరబడి ఉంచుకునే ఆసుపత్రి), సగం మందిని వాళ్ల ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి. ఇళ్లలో ఇరుకు గదులు, చాలీచాలని తిండి. ఏడాది తర్వాత రెండు గుంపులకూ దాదాపు ఒకేలా నయమైంది. మరి తిండి అంత ముఖ్యమైతే అక్కడ తేడా కనిపించాలి కదా?

సుజాత గారూ, మీకు నా సలహా: తిండి ధ్యాసలో పడి నివారణ మందు మరిచిపోవద్దు. పిల్లలకు అది మొదట కావాలి. మీ మరిదికి వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, కాళ్లు వాచినా, లేచి నిలబడలేకపోయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అతని బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూసే లెక్క) పద్నాలుగున్నర. 14 కంటే దిగితే ఆసుపత్రిలో చేర్చి చూడాల్సిన స్థాయి. తేలిగ్గా తీసుకునే బరువు కాదు. షుగరు పరీక్ష చేయించకపోతే అదీ చేయించండి.

మార్కాపురం మాస్టారు

హర్ష బాబూ, నువ్వు చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవి. సుజాత అవి రాసి పెట్టుకోవాలి. షుగరు మాట నేను మరిచిపోయాను, గుర్తు చేశావు.

మద్రాసు ప్రయోగం మాత్రం నేనూ చదివాను, మా శిక్షణలో చెప్పారు. దాన్ని తక్కువ చేయను. అప్పటిదాకా టీబీ వచ్చిందంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి చోట నెలల తరబడి పడుకోవాల్సిందే. మా పెద్దనాన్న అక్కడ పదకొండు నెలలు ఉన్నాడు. మా నాయనమ్మ ఆయన పెట్టె సర్దుతూ ఏడ్చిన ఏడుపు ఇంట్లో కథగా చెప్పుకునేవాళ్లు, తిరిగి వస్తాడని ఎవరికీ నమ్మకం లేదు. పాలు, గుడ్లు, మాంసం పెట్టేవాళ్లని, ఉదయం పూట వరండాలో మంచాలు వరసగా వేసేవాళ్లని ఆయన చెప్పేవాడు. మంచాలు కొన్ని, రోగులు లక్షలు. అందరికీ పక్క ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లోనే ఉండి మందు మింగితే నయమవుతుందని 1959లో మద్రాసువాళ్లు తేల్చాక ఎన్ని లక్షల ఇళ్లు నిలబడ్డాయో. ఈ రోజు సుజాత మరిది తన ఇంట్లో ఉండి మందు తింటున్నాడంటే అది ఆ ప్రయోగం పుణ్యమే.

కానీ బాబూ, వాళ్లు అడిగిన ప్రశ్న వేరు. మందు పడ్డ రోగికి నయం కావడానికి శానటోరియం తప్పనిసరా అని అడిగారు. కాదు అని జవాబు వచ్చింది. జబ్బు రాని మనిషికి, పక్కనే పడుకునే తల్లికి, పిల్లలకు తిండి ఉంటే జబ్బు రాకుండా ఉంటుందా అని తిండి చేతికిచ్చి చూడలేదు. నయం కావడానికి మంచి తిండి తప్పనిసరి కాదు అన్న మాట మా దాకా వచ్చేసరికి టీబీకి తిండితో పనిలేదు అన్నట్టు మారింది. ఆ మాట పట్టుకునే నేను నా ఉద్యోగమంతా చేశాను. పలకల గని ఇంట్లో మూడు కార్డులు రాశాను.

30 ఇళ్లకు ఒక కేసు అన్నావు. నా చేతి కింద ఏడాదికి రెండొందలకు పైగా ఇళ్లు ఉండేవి. నీ లెక్కనే తీసుకో, ఏడాదికి ఆరేడుగురు. ఇరవై ఏడేళ్లకు ఎంతమందో నువ్వే వేసుకో. జార్ఖండ్ ఇళ్లకూ మా గనుల దగ్గర ఇళ్లకూ పళ్లెంలో తేడా ఏమీ లేదు. కంట్రోలు బియ్యం ఉంటుంది, పప్పు ఉండదు. సుజాత ఇల్లు కడుపు నిండా తినే ఇల్లో కాదో మనకు తెలియదు. అందుకే చివరన తినేది ఎవరని అడిగాను.

డాక్టర్ హర్ష

ఆ ప్రశ్న వేరు అన్నది ఒప్పుకుంటున్నాను సార్. మాకు పాఠం చెప్పినప్పుడు ఆ తేడా చెప్పలేదు. సోమవారం ఓపీలో రోగులతో వచ్చినవాళ్లనూ కాటా ఎక్కిస్తాను.

బీడీల పద్మ, జగిత్యాల

సుజాతక్కా, నేను డాక్టర్ను కాదు, బీడీలు చేస్త. మా ఆయనకు నాలుగేండ్ల కింద టీబీ అయింది. మొదటి నెల మస్తు తకలీఫ్. గోలీ ఏసుకున్నంక మూత్రం ఎర్రగ నారింజ రంగుల వస్తే రక్తం పోతుందని భయపడి రెండు రోజులు గోలీలు బంద్ చేసిండు. అది గోలీ రంగు, భయపడకుండ్రి. వాంతి రాకుండ మేము ఏం చేసినమంటే, రాత్రి అన్నం తిన్నంక పడుకునే ముందు ఒక గ్లాసు పాలు, పొద్దుగాల లేవంగనే గోలీ, గంట ఆగి గట్క. మధ్యల పల్లీలు, బెల్లం. పల్లీలు పొట్టుతోనే ఏంచి డబ్బల పోసి మంచం పక్కనే పెట్టిన. అడిగితే పెడుదాం అనుకుంటే అడగరక్కా, సిగ్గుపడతరు. పక్కన పెడితే తింటరు. మాకు అంగన్‌వాడీల చిన్నోనికి గుడ్డు, బాలామృతం ఇచ్చిన్రు, మీ మూడేండ్ల పాపకు అడుగుండ్రి.

మా ఆయన ఇప్పుడు మంచిగున్నడు. నాకు, పిల్లలకు రాలే.

సుజాత, కళ్యాణదుర్గం

పద్మక్కా, అదే మాట. వాడూ అడగడు. ఈ రోజు డబ్బా నిండా వేయించిన శెనక్కాయలు మంచం పక్కన పెట్టాను, సాయంత్రానికి సగం అయిపోయాయి. పళ్లెం కూడా అందరితో కలిపేశాను.

మాస్టారూ, మీరు అడిగిన ప్రశ్నకు రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. మా ఇంట్లో చివర తినేది మా అత్త. నేను కూడా ఆమెతో కూర్చుంటా కానీ నాకు ఆమే వడ్డిస్తుంది. బేడలు అడుగున మిగిలితే పిల్లలకు మజ్జిగన్నంలో కలిపేస్తుంది. ఆమె సంగటి, మిరపకాయ నంజుకుని తింటుంది. అడిగితే నాకు ఇష్టమే అంటుంది. పదేళ్లుగా నాకు అది ఇష్టమనే అనుకున్నాను.

నిన్న అందరం శెనక్కాయల మండీకి పోయాం. అక్కడ కాటా పెద్దది, ఒక్కొక్కరం ఎక్కాం. పిల్లలు ఆటనుకున్నారు. మా ఆయన 61. నేను 47. పెద్దోడు 17, చిన్నది పదకొండున్నర. మరిది 41.8, అంటే కొంచెం ఎక్కినట్టే. అత్త కాటా ఎక్కనంటే ఎక్కనంది, నాకేమైంది అంది. మా ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. 35.2 వచ్చింది. మండీ అబ్బాయి ఒక చిన్న బస్తా బరువు కదమ్మా అన్నాడు. మా ఆయన వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

ఆమె ఎత్తు 150 ఉంటుంది. ఇంత తక్కువ ఉండొచ్చా? ఇప్పుడు ఏం చేయాలి?

మార్కాపురం మాస్టారు

ఉండకూడదు తల్లీ. ఆ ఎత్తుకు తక్కువలో తక్కువ 42 ఉండాలి. కొడుకు పక్కనే కూర్చుని తినిపిస్తోంది, తను చిక్కి ఉంది. మీ ఇంట్లో టీబీ ఎవరి కోసం చూస్తోందని నన్ను అడిగితే నేను ఆమె వైపే చూపిస్తాను. ఆమెకు ముందు ఎక్స్‌రే, తెమడ పరీక్ష. రేపే. దగ్గు లేకపోయినా సరే.

ఉన్న డబ్బు ఎవరి మీద పెట్టాలి అని మొదట అడిగావు కదా. పప్పు గిన్నె పెద్దది చెయ్యి. జార్ఖండ్ లెక్కలో ఒక మనిషికి రోజుకు యాభై గ్రాముల కందిపప్పు. మీ ఇంట్లో నలుగురు పెద్దవాళ్లకు నెలకు ఆరు కిలోలు, పిల్లలకు ఇంకో కిలోన్నర వేసుకో. ఇప్పుడు నెలకు ఎంత కొంటున్నావో చూసుకో. ఆమె పథ్యం మాటలకు కోప్పడకు. నువ్వు వద్దన్నా ఆమె కొడుక్కే పెడుతుంది కాబట్టి ఆమె పళ్లెంలో నువ్వు ముందే వడ్డించి, ఆమె తినేదాకా ఎదురుగా కూర్చో. మేము మాత్ర మింగేదాకా రోగి ఎదురుగా కూర్చునేవాళ్లం, అలాగన్నమాట.

సుజాత, కళ్యాణదుర్గం

రెండు నెలలు కావస్తోంది, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అత్త ఎక్స్‌రేలో ఏమీ లేదు, తెమడలోనూ లేదు. ఆమెకు, మా ఇద్దరికి వారానికోసారి వేసుకునే నివారణ మందు ఇచ్చారు, పన్నెండు వారాలు. పిల్లలకు వాళ్ల బరువును బట్టి విడిగా ఇచ్చారు. పోషణ డబ్బు ఒక నెలది పడింది. పప్పు ముందు నెలకు రెండున్నర కిలోలు కొనేదాన్ని, అంటే మాస్టారు చెప్పిన దానిలో మూడో వంతు. ఇప్పుడు ఆరు కిలోలు, మిగతాది ఉలవలతో, అలసందలతో సర్దుతున్నాను. చీటీ డబ్బు ఒక నెల ఆపాం.

మరిది నిన్న 44.1. దగ్గు తగ్గింది, తెమడలో క్రిములు లేవన్నారు. మొలతాడుకు వేసుకున్న ముడి విప్పేశాడు. పనికి పోతానంటున్నాడు, ఆరు నెలలు నిండేదాకా కుదరదని మా ఆయన ఆటో తాళం చూపించి, ఊరికే ఉండలేకపోతే ఇది తుడువు అన్నాడు.

అత్త 36.9. గుడ్డు మాత్రం ఇంకా ముట్టదు, వేడి అనే అంటుంది. బేడలు, శెనక్కాయల ఊరిబిండి తింటోంది. మాస్టారు చెప్పినట్టే ఎదురుగా కూర్చుంటున్నాను. మొదటి వారం నా పళ్లెంలోకి తిరిగి వేసేది. ఇప్పుడు వేయడం లేదు.

మార్కాపురం మాస్టారు

44.1, 36.9. రెండూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించు తల్లీ. వచ్చే నెల అదే కాటా మీద, అదే రోజు. ఆరో నెలది కూడా కాటా ఎక్కించే రాయి.